ఎక్స్‌కు కొసరేసిన

చాయ్ సల్లారక ముందే చెప్త, వినుండ్రి. రెండు రోజులల్ల నన్ను రెండు జాగల నుంచి లేపిన్రు. అదెట్లనో చెప్పినంక నవ్వుండ్రి, ముందే నవ్వకుండ్రి.

నేను బేగంబజార్ల పసుపుకొమ్ములు, చింతపండు అమ్మే దుకాన్ల తూకం కాడ ఉంట గద. మా సేఠ్‌కు మిషన్ మీద నమ్మకం లేదు, ఇంకా తరాజే. పని అయినంక శాలిబండల రెహానా బాజీ ట్యూషన్‌కు పోత. అక్కడ రెండు బ్యాచ్‌లు. పెద్దోళ్ళు టెన్త్ పరీక్షకు చదువుతరు, చిన్న పిల్లలు ఎక్కాలు చెప్తరు. బడి ఎప్పుడో బంద్ చేసినోణ్ణి, అయినా పెద్ద బ్యాచ్‌లనే కూసున్న. అమ్మకు ఫోన్ల చెప్పిన. ఆమె వాడకట్టంత చెప్పింది.

మొన్న బాజీ అన్నది, "ఇయ్యాల బోర్డు మీద లెక్క చేసినోళ్ళే ఈ బ్యాచ్‌ల ఉంటరు."

నన్నే పిలిచింది ఫస్టు. రెండు ఎక్స్ ప్లస్ మూడు, ఈజీక్వల్టు పదకొండు. చాక్‌పీస్ పట్టుకొని బాజీ దిక్కు చూసిన.

"ఫికర్ చెయ్యకు భాయ్. తరాజు అనుకో. అటు ఏం తీస్తే ఇటు కూడ అదే తియ్యాలె."

తరాజా! పొద్దంత నేను చేసేది అదే గద. అటు మూడు తీసిన, ఇటు మూడు తీసిన. రెండు ఎక్స్‌లు ఎనిమిది అయినయ్. రెండు దిక్కుల సగం చేసిన. ఎక్స్ నాలుగు.

"శభాష్!" అన్నది బాజీ. అందరు నన్నే చూస్తున్నరు. గప్పుడు నా చెయ్యి దాని పని అది చేసింది. నాలుగు తుడిచి ఐదు రాసింది.

"అరే, ఐదేంది?"

"కొసరు, బాజీ."

బాజీ నా చేతిల చాక్‌పీస్ గుంజుకున్నది.

"ఎక్స్‌కు కొసరా? ఎక్స్ నీ గిరాకీయా? ఐదు పెట్టి చూడు, పదమూడు వస్తలేదా? ఎక్కువ కాలేదా?"

"ఎక్కువైతే ఎవ్వరేమనరు బాజీ. తక్కువైతేనే లొల్లి."

బాజీ నవ్వలేదు. మెల్లగ చిన్న బ్యాచ్ దిక్కు చెయ్యి చూపెట్టింది. పోయి కూసున్న. ఎనక నుంచి ఒక పిల్ల అన్నది, "అంకుల్, జర వంగవా? బోర్డు కనిపిస్తలేదు."

అంకులంట.

రాత్రంత అదే మనసుల పెట్టుకున్న. సమానమంటే సమానం, కొసరు లేదు. పొద్దుగాల ఒక పెద్దమ్మ వచ్చి కిలో పసుపుకొమ్ములు అడిగింది. తూచిన. పసుపు దిక్కు జర కిందికి మొగ్గింది. ఒక కొమ్ము తీసిన. ఇప్పుడు రాళ్ళ దిక్కు మొగ్గింది. ఆ కొమ్మును ఇరిచి సగం వేసిన. ముల్లు నడుమ నిలబడ్డది. మస్తు ఖుషీ అయిన.

పెద్దమ్మ సంచి తెరిచి పట్టుకొని అట్లనే నిలబడ్డది. "ఏం బిడ్డా, ఇంకా ఎయ్యవా?"

"సమానమైంది పెద్దమ్మా."

"ఇరవై ఏండ్లసంది ఈడనే కొంటున్న. సమానం ఎవ్వడు ఇయ్యలే నాకు!" సంచి గల్లా మీద కుమ్మరించి పోయింది.

సేఠ్ అద్దాలు పైకి పెట్టి అడిగిండు, "ట్యూషన్ల ఏం నేర్పుతున్నర్రా నీకు?"

"ఈక్వేషన్లు, సేఠ్."

"గోదాంల పోయి చింతపండు గింజలు తియ్."

ఇప్పుడు అదే తీస్తున్న. బాజీ చెప్పింది తప్పు కాదు. అటు ఏం తీస్తే ఇటు కూడ అదే తియ్యాలె. రెండు దిక్కులకెళ్ళి నన్నే తీసిన్రు.