కల్మాత్ పెట్టని వంక

దేనికైనా సరే ఓ వంక పెట్టందే కల్మాత్‌కి ముద్ద దిగదు. ఇది ఆయనకి అలవాటనుకునేరు, కాదు, ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా బిష్కెక్‌లోని ఓ బూట్ల ఫ్యాక్టరీలో ఆయన చేసేది అదే. ముందుకొచ్చిన ప్రతి బూటునీ తిప్పి, వంచి, వాసన చూసి, "కుట్టు వదులు" అనో "మడమ ఎత్తు" అనో పక్కకి విసిరెయ్యడం. సాయంత్రానికి ఫ్యాక్టరీ గేటు మూస్తారు గానీ ఆయన కళ్ళు మూసేదెవరు? ఇంటికొస్తే సూపుకి వంక, బస్సు సీటుకి వంక, ఎండకి వంక, వానకి వంక. తన పెళ్ళిలో చేతులెత్తి దీవిస్తున్న పెద్దాయనతో, "తాతా, దీవెన కాస్త పొట్టిగా ఉంది" అన్నాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పెళ్ళికూతురి పేరు జూరా. ఆ మాట విన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది అంటుంది ఆవిడ.

వాళ్ళిద్దరి కాపురం ఫ్యాక్టరీవాళ్ళ పాత భవనంలో, మూడో అంతస్తులో, ఒక్క గదిలో. మంచు పడేలోగా ఖాళీ చెయ్యాలని వసంతంలో గోడకి నోటీసు అంటించారు. సరిగ్గా అప్పుడే ఊరి చివర మొక్కజొన్న పొలాల్లో ఇళ్ళు లేనివాళ్ళకి స్థలాలు పంచారు. కాలనీ పెద్ద తొలోగోన్ తన టోపీలో చీటీలు వేసి అందరిచేతా తీయించాడు. షరతులు రెండే. అక్టోబరు ఆఖరుకి పునాది పడాలి, పడకపోతే స్థలం వెనక్కి పోతుంది. పునాది పడేదాకా ఎవరి స్థలం ఎవరితోనైనా మార్చుకోవచ్చు, పడ్డాక కుదరదు. ఆ రెండో షరతు పెట్టేనాటికి పాపం తొలోగోన్‌కి కల్మాత్ సంగతి తెలీదు.

కల్మాత్ చేతికి ఆరో నంబరు వచ్చింది. చదునైన నేల, తూర్పు వాకిలి, ఎదురుగా బడి. జూరా ఆ నేలమీదే కూర్చుని కాసేపు ఏడ్చింది. ఇరవై ఏళ్ళ ఒంటిగది బతుకు తర్వాత వచ్చిన ఏడుపు అది.

మర్నాడే కల్మాత్ బూట్ల డబ్బా మూత వెనక ఇంటి ప్లాను గీశాడు. దాన్నే సున్నంతో నేలమీదా గీశాడు. "ఇది వంటిల్లు. నువ్వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడు" అన్నాడు.

జూరా వెళ్ళి గాలిలో నిలబడింది.

"గరిటె తిప్పు."

"ఎవరైనా చూస్తారండీ."

"చూడనీ. తిప్పితేగా మోచెయ్యి గోడకి తగులుతుందో లేదో తెలిసేది." ఆవిడ తిప్పింది. "ఇప్పుడు టీ తీసుకుని ముందుగదిలోకి రా." ఆవిడ వచ్చింది. "జూరా, నువ్వు గోడలోంచి వచ్చావు. తలుపు అటుపక్క."

జూరా నవ్వుతూ వెనక్కెళ్ళి తలుపులోంచి వచ్చింది. ఆ రాత్రే కిటికీల కొలతలు తీసుకుని పరదాలు కుట్టడం మొదలెట్టింది.

పది రోజులు తిరక్కుండానే కల్మాత్ మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఆ స్థలం మనకి పనికిరాదు. బడి ఎదురుగా ఉంది."

"మంచిదేగా."

"గంట కొడతారు."

"పగలంతా మనిద్దరం పనిలోనే ఉంటాం కదండీ."

"ఆదివారం?"

"ఆదివారం బడే ఉండదు."

"సరే, పిల్లలు మన ఆప్రికాట్లు కోసేస్తారు."

"మనకి చెట్టెక్కడుంది?"

"నాటాక కోస్తారుగా" అని కల్మాత్ చల్లగా చెప్పాడు. అప్పటికే తొలోగోన్ పుస్తకంలో మార్పిడి సంతకం అయిపోయింది. ఆరో నంబరు ఎసెన్‌గుల్ అనే తాపీమేస్త్రీకి పోయింది, ఆయన నలభై ఒకటో నంబరు వీళ్ళకి వచ్చింది.

నలభై ఒకటి కూడా తీసిపారెయ్యాల్సిందేమీ కాదు. కాలనీ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మంచినీళ్ళ పంపు దాని వాకిట్లో ఉంది. మళ్ళీ డబ్బా మూత, మళ్ళీ సున్నం, మళ్ళీ జూరా గాలిలో గరిటె తిప్పడం. ఈసారి చుట్టుపక్కలవాళ్ళు పనులు ఆపి మరీ చూశారు. "వదినా, ఉప్పు చూశావా?" అని ఎవడో కుర్రాడు అరిచాడు. జూరా పరదాలు విప్పి కొత్త కొలతకి కుట్టింది. జూన్‌లో కల్మాత్ మోకాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు. పంపు తేమ ఎముకల్లోకి దిగుతోందన్నాడు. నలభై ఒకటి కాలీచా అవ్వకి పోయి, రోడ్డువారనున్న ఎనభై ఎనిమిది వచ్చింది. ఆగస్టులో బస్సు బ్రేకుల కీచుమోత తన చెవికి పడదన్నాడు. ఎనభై ఎనిమిది కాన్పులు చేసే సోనున్‌బుకి పోయి, నూట పదమూడు వచ్చింది.

నూట పదమూడు కాలనీకి ఆఖరుది. దాని తర్వాత భూమి లేదు, వాగు లోయ ఉంది. గడ్డపార వేస్తే రాయి, రాయి తీస్తే ఇంకో రాయి. నీళ్ళ పంపు అరగంట దూరం. జూరా ఆ గట్టున నిలబడి చూసింది. కొండలమీద మంచు రోజుకింత కిందికి దిగుతోంది. కాలనీలో దాదాపు అందరి గోడలూ లేచాయి, కొందరికి కప్పులు కూడా పడ్డాయి. తనకి మాత్రం మూడుసార్లు విప్పి కుట్టిన పరదాలున్నాయి. ఈ మనిషితో తనకి ఈ జన్మలో ఇల్లు లేదని ఆవిడకి ఖాయంగా అనిపించింది. ఆ రోజు ఆవిడ ఏడవలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఆశ ఉండాలి కదా.

అక్టోబరు రెండో వారంలో ఆవిడ ఒక నిశ్చయానికి వచ్చి, చున్నీ బిగించి, ఎసెన్‌గుల్ ఇంటికి బయల్దేరింది. ఆరో నంబరు వెనక్కి అడగడానికి. అతను పునాది వేసి, గోడలు లేపి, కప్పు కూడా వేసేశాడని తెలుసు. అయినా అడుగుతుంది, అరుస్తుంది, అవసరమైతే వాకిట్లో పడుకుంటుంది.

ఎసెన్‌గుల్ ఎదురొచ్చి టీకి కూర్చోబెట్టాడు. "అక్కా, మీ ఆయన చెవి నొప్పి ఎలా ఉంది? బడిగంట పడదని నా కాళ్ళావేళ్ళా పడ్డాడు. నేనే వద్దన్నాను, ఇంత మంచి స్థలం ఎందుకొదులుకుంటావన్నా అని. 'నువ్వు తీసుకోకపోతే నేను చెవిటివాణ్ణవుతాను' అన్నాడు. జాలేసి ఒప్పుకున్నాను."

జూరా నోరు తెరిచేలోగా లోపల్నించి ఎసెన్‌గుల్ కూతురు చినార్ వచ్చింది. రెండు చంకల కిందా కర్రలు, వీపున పుస్తకాల సంచీ. టకటకా వాకిలి దాటి, రోడ్డు దాటి, బడి గేట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ ఎత్తుకోలేదు, ఎవరూ పట్టుకోలేదు. జూరా గబగబా టీ తాగేసి, రొట్టె బాగుందని చెప్పి లేచింది.

అక్కణ్ణించి నలభై ఒకటికి నడిచింది. కాలీచా అవ్వకి ఎనభై దాటాయి, ఒంటరిది. సగం నిండిన బకెట్టు గుమ్మందాకా తెచ్చుకుని ఆయాసం తీర్చుకుంటోంది. పంపునించి గుమ్మానికి పది అడుగులు.

"మీ ఆయన మోకాళ్ళు పాపం ఎలా ఉన్నాయమ్మా?" అంది అవ్వ. "ఆ వయసుకే అంత వాతమా? నేనేదో ఆదుకున్నాను గానీ లేకపోతే మంచాన పడేవాడు."

"తగ్గాయవ్వా. మీ దయ" అంది జూరా.

కాన్పులు చేసే సోనున్‌బుకి రోడ్డువార స్థలం ఎందుకో అడగడానికి ఆవిడ వెళ్ళలేదు. ఆమాత్రం లెక్క ఆవిడకీ వచ్చు.

ఇంటికి నడుస్తుంటే జూరాకి కోపం ఇంకా ఎక్కువైంది. మొగుడు మూర్ఖుడైతే ఓ దారుంది, తిట్టుకోవచ్చు, పుట్టింటికి పోవచ్చు. ఇలాంటివాడితో ఏం చెయ్యాలి? మంచివాడని తిట్టుకుంటే వినేవాళ్ళు నవ్వరూ?

ఆ సాయంత్రం కల్మాత్ సూపు తాగుతూ కిటికీలోంచి చూసి, "నూట పదమూడులో గాలి ఎక్కువే" అన్నాడు.

జూరా చేతిలో గరిటె ఆగిపోయింది. "అయితే?"

"ఏం లేదు. వాగు పక్కనైతే గొర్రెలు మేపుకోవడానికి బాగుంటుందని ఒకతను..."

"అతని స్థలం ఎక్కడుంది?"

"కొంచెం కింద."

"వాగు గట్టుకి కిందా?"

"వాగు ఎండిపోయి చాలా ఏళ్ళైందట" అన్నాడు కల్మాత్.

మర్నాడే ఆయన పనికి వెళ్ళగానే జూరా కాలనీలో గడప గడపకీ తిరిగి, శనివారం తమ పునాదికి సాయం పట్టమని పిలిచింది. అలా పిలిస్తే అక్కడ కాదనేవాళ్ళుండరు. పిలిచినవాళ్ళు కడుపునిండా భోజనం పెట్టాలి, వచ్చినవాళ్ళు ఒళ్ళువంచి పని చెయ్యాలి. శనివారం కల్మాత్‌కి పగటి పని ఉంది. పునాది పడితే మార్పిడి లేదు.

పదిమంది వస్తారనుకుంటే నలభైమంది వచ్చారు. తొలోగోన్ టోపీ తీసి పార పట్టాడు. సోనున్‌బు మాంసం పలావు బాధ్యత తీసుకుంది. రాళ్ళకి ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, తవ్వితే చాలు. చిక్కల్లా కొలతల దగ్గర వచ్చింది. టేపు కల్మాత్ సంచీలో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. అందుకని తాడుతో కొలిచారు. తాడు ఒక కొస తానే పట్టుకుంటానని కాలీచా అవ్వ పట్టుబట్టింది. అలిసినప్పుడల్లా అవ్వ కూర్చునేది. కూర్చున్నప్పుడల్లా తాడు ఆవిడతో పాటు జరిగేది. ఎసెన్‌గుల్ ఒకసారి చూసి ఏదో అనబోయాడు గానీ, ఎనభై ఏళ్ళ మనిషిని ఎలా అంటాడు? నోరు మూసుకుని రాళ్ళు పేర్చాడు. సాయంత్రానికి సిమెంటు గట్టిపడింది.

బస్సు దిగి వచ్చిన కల్మాత్‌కి దూరంనించే జనం కనిపించారు. జూరా చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది. "పునాది పడిపోయింది. ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు" అంది.

కల్మాత్ ఆవిడ కళ్ళలోకి చూశాడు. తన చెవినొప్పీ, మోకాళ్ళ వాతమూ అన్నీ బయటపడ్డాయని అర్థమైంది. పునాది చుట్టూ తిరగడం మొదలెట్టాడు.

నలభైమందీ ఊపిరి బిగబట్టారు. ఇరవై రెండేళ్ళు బూటుకుట్టులో వెంట్రుకంత తేడా పట్టిన కన్ను అది. తూర్పు మూల దగ్గర ఆగాడు. ఒక కన్ను మూసి చూశాడు. మూల మట్టానికి రాలేదు. ఒక జానెడు, ఇంకో నాలుగు వేళ్ళు పక్కకి పోయింది. అది చూడ్డానికి కల్మాత్ కన్ను అక్కర్లేదు, వాగు అవతల మేస్తున్న గొర్రెకి కూడా తెలుస్తుంది.

"తాడు నేనే పట్టుకున్నాను నాయనా. ఎలా ఉంది?" అంది కాలీచా అవ్వ.

కల్మాత్ రెండో కన్ను కూడా మూశాడు.

"ఏ వంకా లేదవ్వా" అన్నాడు. "నేనే దగ్గరుండి వేయించినా ఇంత సరిగ్గా వచ్చేది కాదు."

వెనక ఎసెన్‌గుల్‌కి దగ్గొచ్చింది. అందరూ ఒక్కసారిగా పలావు మీద పడ్డారు.

ఇల్లు ఆ పునాదిమీదే లేచింది, మంచు కంటే మూడు రోజులు ముందు కప్పు పడింది. ముందుగదిలో జూరా తల్లి కుట్టి ఇచ్చిన ఉన్ని తివాచీ పరిచారు. ఒక గోడకి ఆనిస్తే అవతలి గోడ దగ్గర మూడు మూలల నేల బోసిగా మిగిలిపోతుంది. ఎటు తిప్పినా మిగులుతుంది. వచ్చినవాళ్ళ చూపు ముందు అక్కడికే పోతుంది. మొన్న కాలీచా అవ్వ టీకి వచ్చినప్పుడు కూడా పోయింది.

"ఇదేంటి నాయనా, ఈ గది..." అంది అవ్వ.

"గదికేం, దివ్యంగా ఉంది" అన్నాడు కల్మాత్. "తివాచీనే వంకరగా కుట్టారు. మా అత్తగారి పనితనం."

జూరా తల్లి చేతి కుట్టంటే మూడు జిల్లాల్లో పేరు. జూరా అవ్వకి టీ పోసి, "అవునవ్వా, మా అమ్మకి చూపు ఆనదు" అంది.