తన చేతి కుట్టు

"కళ్లతో చూసి సరిపోతుందిలే అనుకునే రకాన్ని కాను తమ్ముడూ. టేపు పెట్టి కొలిచాను. కారు వెనక సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా యాభై రెండు అంగుళాలు. అక్క ఇటు వీపు ఆనించి కాలు చాపితే మడమ దగ్గర ఇంకా నాలుగు వేళ్ల జాగా మిగిలింది. ఇంకేం చూడాలి?"

ఈ మాటలంటూ ఆయన పెదాల మధ్య ఉన్న వంపు సూది తీసి చొక్కా కాలరుకి గుచ్చుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా కార్ల సీట్లు కుడుతున్నాడు. సూది నోట్లో పెట్టుకునే మాట్లాడతాడు. ఇంతవరకూ ఒక్కటీ మింగలేదనీ, మింగినా, కోసి తీశాక కడుపు తనే కుట్టేసుకోగలననీ అంటాడు. ముందు గది దుకాణం. సగం మిషనే ఆక్రమించింది, మిగతా సగం రెక్సిన్ చుట్టలూ స్పాంజి పలకలూ. నేను జిప్పు ఊడిన సంచీ తీసుకుని వెళ్లాను. ఎడం చేత్తో సంచీ అందుకుని, కుడిచేత్తో స్టూలు చూపించాడు.

వెనక గదిలో అక్క ఉంటుంది. ఆయనకంటే తొమ్మిదేళ్లు పెద్ద. మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది, లోపల కడ్డీ వేశారు. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లి కాలికి వ్యాయామం చేయించుకోవాలి. ఆరు నెలలు మానకుండా వెళితేనే మోకాలు మళ్లీ వంగుతుందని, లేదంటే అలాగే బిగిసిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆటోలో ఆ కాలు పట్టదు, బయటికి పెట్టాల్సిందే. ఒక ఆటో అతను కాలికి వేరే చార్జీ అడిగాడట. ఆ పూట ఆయన, చిన్న కారు కాదు, వెనక సీటు వెడల్పుగా ఉండే పొడుగు కారే కొనాలని తీర్మానించుకున్నాడు. రెండో మిషను అమ్మేశాడు. పైకప్పు బాగుచేయించడానికి దాచింది కూడా తీశాడు. దాంతో వచ్చేది పాత కారే.

పదకొండు కార్లు చూశాడు. మిగతావాళ్లు బానెట్ ఎత్తి చూస్తే ఈయన సీట్లు తడిమి చూసేవాడు. డ్రైవరు సీటు ఎటు కుంగిందో చూసి ఓనరు ఒళ్లెంతో చెప్పగలడు. కిలోమీటర్ల మీటరు తక్కువ చూపిస్తున్నా, తలుపు వైపు రెక్సిన్ అంచు అరిగిపోయి ఉంటే అది ట్యాక్సీగా తిరిగిన బండని పట్టేస్తాడు. అలా రెండింటిని వెనక్కి పంపాడు. మీటరు వెనక్కి తిప్పేవాడు ఉంటాడు గానీ సీటు తిప్పేవాడు ఉండడని ఆయన ధీమా.

పన్నెండోది బోల్టు చూపించాడు. బోల్టు మెకానిక్. సన్నటి ఒళ్లు, పెద్ద తల, అందుకే ఆ పేరు. నాలుగు వీధుల అవతల షెడ్డు. ఇరవై ఏళ్లుగా సీటు పని వస్తే ఈయనకే పంపుతాడు. రోజూ పదకొండు గంటలకి టీకి ఇక్కడికే వచ్చేవాడు. వాడూ అక్కా అనే పిలుస్తాడు.

"తెల్ల కారు. తలుపు తీశాను. సీటు మూల దగ్గర అంచు పైపింగు తిరిగేచోట వెనక్కి వేసిన మూడు కుట్లు. అది నాకు తప్ప ఈ ఊళ్లో ఎవరికీ లేని అలవాటు. పరాయి ఇంట్లో మన పిల్లవాడు కనబడ్డట్టయింది తమ్ముడూ. అంతకు నాలుగు నెలల ముందు బోల్టు ఆ సీట్లు విప్పి వ్యానులో పంపాడు. లోపల పాల క్యాను ఒలికిందని చెప్పాడు. తడి స్పాంజి పారేసి కొత్తది వేశాను. సీట్లకి ఇంత ఖర్చు పెట్టినవాడు కారుని ఎంత బాగా చూసుకుని ఉంటాడో అనుకున్నాను. మిగతా పదకొండు కార్లలో నేను చదివింది ఆ సీట్లు చెప్పిన సంగతి. ఇందులో చెప్పేదంతా నేనే విప్పి పారేశానుగా. ఆ సంగతే తట్టలేదు."

మరి బోల్టు ఏమన్నాడని అడిగాను.

"ఏమీ అనలేదు. ఆ పూట కొత్తగా అబద్ధమైనా చెప్పలేదు. నేను ఆ కుట్టు తడుముకుంటూ మురిసిపోతుంటే, బానెట్ మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు."

కారు ఐదు వారాలు బంగారంలా నడిచింది. ఆరో వారం ఆస్పత్రికి వెళ్తుంటే, మిట్టమధ్యాహ్నం, నడిరోడ్డు మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి, కారు ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు. అక్క మాత్రం సీటు భలే కుదిరిందిరా, ఇక్కడే ఓ కునుకు తీస్తానందట. కార్ల వైరింగు చేసే అతను వచ్చి ముందుగా సీటు బెల్టు చివరంటా లాగాడు. రోజూ వాడే భాగం శుభ్రంగానే ఉంది. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద గీత గీసినట్టు ఎండిన బురద. కార్పెట్ ఎత్తితే కింద ఒండ్రు. వైర్ల మీద పచ్చటి చిలుము. సీట్లు బిగించే బోల్టులు తుప్పుపట్టి పొరలు లేస్తున్నాయి. సీట్లు విడిగా దుకాణానికి వస్తాయి కనుక ఆ బోల్టుల్ని ఈయన ఎన్నడూ చూడలేదు. కారు ఎప్పుడో వరదలో మునిగింది. బాగుచేయడానికి కారు ధరంత అవుతుందన్నారు.

"పాలు ఒలికితే ఒక సీటు తడుస్తుంది. ఆ కారు సీట్లన్నీ కింద నుంచి ఒకే ఎత్తుకి తడిసి వచ్చాయి. నా చేతులతోనే పిండాను." ఆయన అరచేతులు చూసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పాల సంగతి అక్కకి చెప్పలేదు. బోల్టుకి తెలిసుండదులే అని ఆవిడ నమ్మకం. పదకొండయితే ఇప్పటికీ ఇంకో గ్లాసు టీ ఎక్కువ పెట్టమంటుంది. కారు ఆగి పదహారు రోజులైంది, వాడు ఈ వీధి తొక్కలేదు. ఫోను మాత్రం ఒకసారి ఎత్తాడట. సీటు చూసి మోజుపడింది నువ్వే కదా అన్నాడట. వ్యాయామం ఇప్పటికి నాలుగుసార్లు తప్పింది. నిన్న మళ్లీ ఆటోలోనే, కాలు బయటికి పెట్టుకుని వెళ్లొచ్చారు. మోకాలు మళ్లీ బిగిసిందని అక్కడివాళ్లు అన్నారు.

సంచీ జిప్పు ఎప్పుడో అయిపోయింది. ఆయన లేచి గోడవారగా ఉన్న గోనెపట్టా తొలగించాడు. ఇంకేదో కారు సీట్లు. ఈ ఉదయమే బోల్టు షెడ్డు నుంచి వ్యాను వచ్చి దింపి వెళ్లిందట, ఎప్పటిలాగే. నన్ను వాసన చూడమన్నాడు. బురద వాసన. కత్తెర తీసుకుని ఒక సీటు అడుగు నుంచి అరచేయంత స్పాంజి ముక్క కోశాడు, కాగితంలో చుట్టి నా సంచీలో పెట్టాడు.

"నువ్వు వెళ్లేది ఆ దారేగా. ఇది వాడి చేతికివ్వు. సీట్లు కుట్టనన్నాడు, పట్టుకుపొమ్మన్నాడని చెప్పు. ఇంకేమీ అనకు, తిట్టకు." గొంతు తగ్గించి వెనక గది వైపు చూశాడు. "కాసేపు నిలబడు. అక్క కాలు ఎలా ఉందని అడుగుతాడేమో చూడు. అడిగాడో లేదో వచ్చి నాకొక్కడికి చెప్పు. అక్క వినేట్టు చెప్పకు."