వాంగ్‌ఫా చేపలు, షియుఫెన్ తూటికూర

మా ఊరు మెయ్‌నుంగ్‌లో మా నూడుల్స్ కొట్టు వెనక సందులో ఒకే వాకిట్లో రెండు వంటిళ్లున్నాయి. ఒకటి వాంగ్‌ఫాది, రెండోది అతని తమ్ముడి భార్య షియుఫెన్‌ది. ఏడేళ్లుగా ఆ ఇద్దరి మధ్య తిట్లు తప్ప మాటల్లేవు. అయినా విడిపోవడానికి వీల్లేదు. వాంగ్‌ఫా పెంచే తిలాపియా చేపల తొట్ల నీళ్లే షియుఫెన్ కూరమడులకు వెళతాయి. ఆ మడుల్లోని కంకరలోంచి, వేళ్లలోంచి తేరుకుని మళ్లీ చేపల దగ్గరికి వస్తాయి. రెంటికీ మధ్య ఒక గొట్టం, దానికో వాల్వు.

ఆ ఏర్పాటు చేసింది షియుఫెన్ భర్త వాంగ్‌షెంగ్. మా ఊళ్లో పొగాకు పంట ఆగిపోయాక అందరూ తలో దారీ వెతుక్కుంటుంటే, అన్న చేపలకీ భార్య కూరలకీ ఒకే నీళ్లు సరిపోతాయన్నాడు. రెండేళ్లు సరిపోయాయి కూడా. మూడో ఏడు తుఫాను వస్తోందంటే, తొట్లకీ మడులకీ కలిపి కప్పిన వలని బిగించడానికి ఇనుప చట్రం ఎక్కాడు. జారి సిమెంటు గట్టు మీద పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

శవం ఇంకా వాకిట్లో ఉండగానే వాంగ్‌ఫా అందరి ముందూ అన్నాడు: "నాలుగు కూరాకుల కోసం నా తమ్ముణ్ణి పైకెక్కించింది. దీని మొహం చూస్తే పాపం."

షియుఫెన్ ఏడుపు అక్కడే ఆగిపోయింది. "ఎక్కొద్దని కాళ్లు పట్టుకున్నాను. నువ్వు కాదూ బావా, వల ఎగిరిపోతే చేపలన్నీ కొంగలపాలేనని ఆయన్ని తరిమింది?"

ఎవరి మాట నిజమో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి వాళ్లు ఒకరికొకరు శత్రువులు, అంతే.

షియుఫెన్ చిషాన్ అరటితోటల్లో పుట్టిన మనిషి. పొట్టి, గొంతు మాత్రం సందు దాటి వినిపిస్తుంది. భర్త పోయాక రైతు సంఘంవాళ్ల తరగతులకు వెళ్లి, నీళ్లను చూడ్డం, ఆకును చదవడం నేర్చుకుంది. కొత్త ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము చాలనట్టు. ముదురాకు అంచులు మాడితే పొటాష్ చాలనట్టు. మొక్క మొక్కంతా కిందనుంచీ పాలిపోతే అసలు చేపలకే తిండి చాలనట్టు. చేప తిన్నదే కదా మొక్కకు చేరేది! కాకపోతే చేపల మేతలో మొక్కకు కావలసినవన్నీ ఉండవు. ఆ లోటు మనిషి చూసుకోవాలి.

రెండేళ్ల క్రితం వేసవిలో తూటికూర కిందనుంచీ పాలిపోయింది. తలెత్తిన చిగుళ్లు కూడా పసుపు తిరిగాయి. ఆమె నేరుగా తొట్ల దగ్గరికి వెళ్లింది.

"బావా, మేత తగ్గించావా?"

"నా చేపలు, నా మేత. కొనేవాడు దొరికేదాకా నిదానంగా పెరుగుతాయిలే. నీకేంటి నొప్పి?"

"నా మళ్లు చచ్చిపోతున్నాయి."

"నా చేపల పెంట తిని బతికే కూరకి రోషం ఒకటా! పస్తుండమను."

"ఆ పెంట కడిగేది నా మళ్లే. అవి లేకపోతే నీ చేపలు తమ ఉచ్చలో తామే ఉడికి చస్తాయి."

ఆ మాటకి వాంగ్‌ఫా చేపల వల తీసి గోడకేసి కొట్టాడు. ఆమె వెనక్కి వచ్చింది. చిగుళ్ల కోసం మొక్కలకు పెట్టే ఇనుము మందు నీళ్లలో కలిపింది. దాంతో నీళ్లు టీ రంగుకు తిరిగాయి. ఇక మేత సంగతి. తనే ఒక బస్తా కొనుక్కొచ్చి, వాంగ్‌ఫా పొద్దున్నే భూదేవుడి గుడికి అగరొత్తులు వెలిగించడానికి వెళ్లిన సమయం చూసి, తొట్టికి రెండు దోసిళ్ల చొప్పున చల్లడం మొదలుపెట్టింది.

అడిగితే ఇవ్వడు, చెబితే వినడు. అందుకని దొంగతనంగా అతని చేపలకే అన్నం పెట్టింది. అప్పటికి అది ఆమెకు గెలుపులాగే అనిపించింది.

వారం తిరక్కుండానే కావ్‌షుంగ్ నగరంలోని హోటలువాళ్లు పెద్ద చేపలు కావాలని వాంగ్‌ఫాతో బేరం కుదుర్చుకున్నారు. అతను మేత పూర్తిగా వెయ్యడమే కాదు, ఇంకో పూట కలిపాడు. ఆమెకు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? ఇద్దరి మేతా పడుతోందని ఇద్దరికీ తెలియదు. మొదట తూటికూర నల్లపచ్చగా తిరిగితే, తన తెలివేనని షియుఫెన్ మురిసిపోయింది. తొట్ల అడుగున మాత్రం తినగా మిగిలింది కుళ్లింది. నీళ్లు పులిశాయి. ఉడుకెత్తే రోజులు. ఒకనాటి ఉదయం మూడు తొట్లలోనూ చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి.

వాంగ్‌ఫా మా కొట్టు ముందుకొచ్చి, తినేవాళ్లందరికీ వినిపించేలా అరిచాడు: "తుప్పునీళ్లు కలిపింది! తమ్ముణ్ణి మింగింది చాల్లేదు, ఇప్పుడు నా చేపల్ని మింగుతోంది! ఇలాంటిదాని కూర కొంటున్నారా మీరు? తినండి, తినండి, విషం తినండి!"

ఆ రోజు నా నూడుల్స్‌లో తూటికూర వద్దన్నవాళ్లు నలుగురు.

తినేవాళ్లతోపాటు నేనూ అతని వెనకే వెళ్లాను. షియుఫెన్ అప్పటికే నీళ్లు పరీక్ష చేసే కాగితం ముంచి చూస్తోంది. అమ్మోనియా గుర్తు ముదురు రంగుకు పోయింది, నీళ్లలో పులుపు, అంటే ఆమ్లం, బాగా ఎక్కువ. ఆమె చూపు గోడవార వాంగ్‌ఫా మేతబస్తాల మీద పడింది. మూడు ఖాళీ, నాలుగోది సగం. అతనూ మేత పెంచాడని ఆమెకు అర్థమైపోయింది.

వాంగ్‌ఫా సున్నం బస్తా మోసుకొచ్చాడు. చెరువుల్లో నీళ్లు చెడితే సున్నం చల్లడం అతని తండ్రి నాటి మందు. ఈ నీళ్లకు మాత్రం అది మందు కాదు. పులిసినంతసేపూ అమ్మోనియా కాస్త అణిగి ఉంటుంది. ఒక్కసారిగా సున్నం పడి పులుపు విరిగితే అదే విషమై చేపల మీదికి లేస్తుంది. షియుఫెన్ తరగతిలో మొదటి వారమే ఆ సంగతి రాసుకుంది. ఆపాలంటే మేత సంగతి బయటపెట్టాలి. ఇంతమందిలో, తనని విషగత్తె అని ఇప్పుడే అరిచినవాడి ముందు.

ఆమె నోరు విప్పలేదు.

తర్వాత నాతో చెప్పింది: "నాకు తెలియక కాదక్కా. తన చేత్తో తనే చంపుకోనీ అనుకున్నాను. ఆ నిమిషం అంతే అనుకున్నాను."

మొదటి తొట్టిలో సున్నం పడింది. కాసేపటికే చేపలు నీళ్లలోంచి ఎగిరి గట్టుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పెద్దవి ముందు తిరగబడ్డాయి. తెల్లటి కడుపులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. వాంగ్‌ఫాకి ఏమీ అర్థం కాలేదు. ఇంకా చాలలేదేమోనని రెండో బకెట్టు నింపి రెండో తొట్టి దగ్గరికి పరిగెత్తాడు.

అప్పుడు షియుఫెన్ వెళ్లి బకెట్టు పట్టుకుంది. "వెయ్యకు! సున్నమే చంపుతోంది. నీళ్లు చెడింది మేత ఎక్కువై. నువ్వూ వేస్తున్నావు, నేనూ వేస్తున్నాను."

"నువ్వా? నా తొట్లో?"

"అవును. పొద్దున్నే. నువ్వు గుడికెళ్లినప్పుడు."

వాంగ్‌ఫా బకెట్టు గుంజుకుని సున్నమంతా ఆమె లెట్యూస్ మడి మీద కుమ్మరించాడు. ఆమె ఆ మడి వైపు ఒక్కసారి చూసి, "అయిందా? ఇక గాలి కొట్టే ఏరియేటర్లు వెయ్యి. పిడికెడు మేత కూడా పడకూడదు. నీళ్లు మూడో వంతు తీసెయ్," అంది.

అతను తిడుతూనే బోరు మోటారు వేశాడు, ఆమె తిట్టించుకుంటూ, తిరిగి తిడుతూ అడుగు మడ్డి తోడింది. సాయంత్రానికి రెండు తొట్లు దక్కాయి. మొదటి తొట్టిలో ఒక్క చేప మిగల్లేదు. మూడు వందల పైచిలుకు. అరటిచెట్ల కింద గొయ్యి తీసి పూడ్చారు, చెరో వైపు నిలబడి.

మర్నాడు వాంగ్‌ఫా వాల్వు మూసి దానికి తాళం వేశాడు. "నీ నీళ్లు నువ్వు చూసుకో. నా చేపల మీద నీ నీడ పడకూడదు."

నీళ్లను బాగుచేసే కంటికి కనబడని క్రిములన్నీ షియుఫెన్ కంకరలోనే ఉన్నాయి. అవి లేక తొట్లు మూడో రోజుకే కంపుకొట్టాయి. అతను రోజూ బోరు నీళ్లు పోశాడు, నడుము పట్టేసింది. ఇటు ఆమె మడుల్లో ఉన్న నీళ్లే తిప్పుకుంటే, ఉన్న సారం మొక్కలు లాగేసి మళ్లీ పాలిపోయాయి. ఇద్దరూ గట్టివాళ్లే. పదకొండు రోజులు బిగపట్టారు. పన్నెండో రోజు మధ్యాహ్నం, ఆమె కూర కడుగుతుంటే గొట్టంలోంచి గలగలమని నీళ్లు వచ్చాయి. వాల్వుకు తాళం లేదు.

షియుఫెన్ ఒక తూకం కాటా కొనుక్కొచ్చి రెండు వంటిళ్ల మధ్య గుంజకు వేలాడదీసింది. మేత దాంతో తూచే వెయ్యాలి, ఎంతయిందో గట్టిగా చెప్పాలి అంది. వాంగ్‌ఫా ఆ కాటాకేసి ఉమ్మాడు. వారం తర్వాత తూచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు రోజూ రెండు పూటలా అతని అరుపు మా కొట్లోకి వినిపిస్తుంది: "రెండు కిలోలూ నాలుగు వందలు! విన్నావా, చెవిటిదానా?" అటునుంచి జవాబు: "విన్నాన్లే, నోరు పడిపోను!"

రాజీ పడ్డారనుకోకండి. వాంగ్‌షెంగ్ వర్ధంతి పూజలు ఇప్పటికీ వేర్వేరుగా చేస్తారు, ఒకే పటం ముందు, గంట తేడాతో. టీ ఆకూ గింజలూ నూరి ఆమె చేసే లెయ్‌చా అతను ముట్టడు, అతను పట్టిన చేప ఆమె వండదు.

మొన్న షియుఫెన్ ఒక ముదురాకు తెచ్చి అతని మొహం ముందు ఆడించింది. అంచులు మాడి ఉన్నాయి.

"ఈ వారం నీళ్ల పులుపు విరచడానికి రోజూ వేసే చిటికెడు సున్నం వద్దు, దాని బదులు పొటాష్ వెయ్యి. ఒక్కసారే గుమ్మరించకు, రోజూ కొంచెం."

"ఎవడు చెప్పాడు?"

"ఆకు చెప్పింది."

"నీ ఆకు కూడా నీలాగే వాగుతుందన్నమాట."

"నీ చేపల్లా నోరు తెరుచుకుని తేలేదాకా ఆగడం కంటే నయం."

వాంగ్‌ఫా ఆమె కేసి కొరకొరా చూసి, పొటాష్ డబ్బా మూత తీశాడు. "ఎన్ని చెంచాలు?" అన్నాడు.