వేడినీటి తొట్టిలో ఏవిండుర్ మూల

ఐస్‌లాండ్‌లో మా ఊరి ఈతకొలను స్టెయిన్వర్ కాపలాలో ఉంటుంది. నీళ్లలో దిగే ముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా సబ్బుతో కడుక్కోవాలి. ఎక్కడెక్కడ రుద్దాలో స్నానాల గది గోడ మీది బొమ్మకు ఎర్రరంగు పూసి మరీ చూపించారు. అయినా పైదేశాల ఆడవాళ్లు ఈతదుస్తులు తొడుక్కునే నాలుగు చుక్కలు చల్లుకుని జారుకోబోతారు. "విప్పి కడుక్కోవమ్మా. నీకున్నవే నాకూ ఉన్నాయి," అని స్టెయిన్వర్ నవ్వుతూనే వెనక్కి పంపేది. ఆ నోటికి జడిసి నేను కూడా చెవుల వెనక రెండోసారి రుద్దుకున్న రోజులున్నాయి.

జనవరిలో ఆమె మొగుడు ఏవిండుర్ గుండె ఆగి పోయాడు. పాతిపెట్టిన వారానికే ఆమె పనిలోకి వచ్చేసింది. ఏడవలేదు. నవ్వూ మానేసింది. ఎలా ఉన్నావంటే "బాగానే" అనేది. అంతకు మించి మేమూ అడగలేదు. మా ఊళ్లో అలాంటివి అడగరు, గాలివాన గురించి మాట్లాడతారు.

అడగడం చేతగాక మేమొక పని చేశాం. కొలను పక్కన వేడినీటి తొట్టి ఉంది. పొద్దున్నే అయిదారుగురు ముసలివాళ్లం అందులో మెడలోతున కూర్చుని చేపల ధరలూ మంత్రుల బుద్ధులూ తేల్చేస్తుంటాం. గాలి తగలని మూల ఏవిండుర్‌ది. అతను పోయాక అక్కడ ఎవరూ కూర్చోలేదు. మోకాళ్లు ఒకరివొకరికి తగులుతున్నా ఇరుక్కునే కూర్చున్నాం. స్టెయిన్వర్ ఉండే అద్దాల గదికి ఆ మూల సరిగ్గా ఎదురు. చూసి ఊరట పడుతుందని మా గొప్ప తెలివి.

ఏప్రిల్ వచ్చేసరికి ఆమె నెలాఖరుకు ఉద్యోగం మానేస్తోందని తెలిసింది. నాకు భయమేసింది. ఆ ఇంట్లో ఒక్కతే కూర్చుంటే మనిషి మిగలదు.

ఆ వారంలోనే ఒక గడ్డం యాత్రికుడు వచ్చి నేరుగా ఆ మూలలో కూర్చున్నాడు.

"అది ఖాళీ లేదు," అన్నాడు తోర్గిల్స్. పడవ నడిపి మానేసిన మనిషి, గొంతు మాత్రం ఇంకా సముద్రం మీదే ఉంది.

"ఎవరూ లేరు కదండీ?"

"లేడు. అయినా ఖాళీ లేదు."

యాత్రికుడు బిక్కమొహం వేశాడు. "ఐస్‌లాండ్ రాకముందు అన్నీ చదువుకునే వచ్చానండీ. బట్టలు విప్పి కడుక్కోవాలని రాశారు, కడుక్కున్నాను. ఈ చోటు సంగతి ఎక్కడా రాయలేదు."

అతను లేవబోతుంటే స్టెయిన్వర్ కోటైనా లేకుండా బయటికొచ్చింది.

"మీరు కూర్చోండి," అంది అతనితో. తర్వాత మావైపు తిరిగింది. "మీకో దండం. రోజూ పొద్దున్నే ఆ గొయ్యి నాకెందుకు చూపిస్తారు? దాన్ని చూడలేకే నేను పని మానేస్తున్నది."

"నీకోసమేగా వదిలేశాం," అన్నాడు తోర్గిల్స్.

"నన్నడిగారా?"

"నువ్వు చెప్పావా?"

ఆమె లోపలికి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. అన్నాళ్లూ మేం ఆమెకు మేలు చేస్తున్నామనుకున్నాం.

మర్నాడు తోర్గిల్స్ అందరికంటే ముందే దిగి, మూలుగుతూ ఆ మూలలో చేరగిలబడ్డాడు. మిగతావాళ్లం కాళ్లు చాపుకున్నాం. హాయిగా ఉంది, అలా ఉన్నందుకు బాధగానూ ఉంది. స్టెయిన్వర్ అద్దాల వెనక చాలాసేపు నిలబడి చూసింది. తర్వాత వచ్చి నా పక్కన గట్టు మీద గొంతుక్కూర్చుంది.

"ఖాళీగా ఉంటే చూడలేకపోయాను," అంది నెమ్మదిగా. "ఇప్పుడేమో... ఇక రాడు కదూ?"

"రాడు," అన్నాను.

ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. మొహంలో ఏమీ లేదు.

"వచ్చే నెల కూడా పనిలోకి వస్తావా?" అని అడిగాను.

"వస్తాను," అంది. "ఇంట్లో అతని కుర్చీలో కూర్చోడానికి ఎవరూ లేరు."