గిడ్డమ్మ దిబ్బా, ముగ్గురు పెద్దమనుషులూ

కర్నూలుకు ఎగువన, తుంగభద్ర నడుమ ఒక దిబ్బ. దాని మీద మొదట ఉన్నది మూడు కొంగలు, ఒక ముసలి తాబేలు, గిడ్డమ్మ. కొంగలకు బుద్ధి ఉంది కాబట్టి మనుషులు రాగానే ఎగిరిపోయాయి. గిడ్డమ్మకు పుట్టి నడిపే పని ఉంది కాబట్టి నిలబడింది. పుట్టి అంటే వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. చేతగానివాడు తెడ్డు పడితే అది తిరగలిలా తిరుగుతుందే గాని గట్టు చేరదు. మొగుడు పోయాక ఆ తెడ్డు ఆమె పట్టింది.

కర్నూలులో గుడారాలు వేసి రాజధాని నడుపుతున్న రోజులవి. కరువులో గంజి కేంద్రాలు తిరిగి తిరిగి కొందరు, హోస్పేట ఆనకట్ట నీళ్లలో ఊరు మునిగి కొందరు, రాజధానిలో మట్టిపని దొరుకుతుందని కడప వైపు నుంచి కొందరు, మొత్తం పదకొండు ఇళ్లవాళ్లు ఆమె పుట్టెక్కి దిబ్బ చేరారు. ఎక్కేటప్పుడు అందరి దగ్గరా ఉన్నవి చిరిగిన బొంత, సొట్టల సత్తుగిన్నె. దిగేసరికి అందరూ దొరలయ్యారు. దేవేంద్రప్పకు మునిగిన ఊళ్లో ఇరవై జతల ఎద్దులుండేవట. మద్దిలేటి వాళ్ల తాత వచ్చి కూర్చునేదాకా నవాబు ముద్ద నోట పెట్టేవాడు కాదట. ఎర్రగుంట్ల జ్ఞానరాజు దొరసానులకు ఇంగ్లీషు తప్పులు దిద్దేవాడట.

"ఎద్దులేమైనాయప్పా?" అని అడిగింది గిడ్డమ్మ.

"అన్నీ మునిగిపాయె కదక్కా," అన్నాడు దేవేంద్రప్ప.

"నువ్వెట్ల తేలితివి మరి?"

ఏరు తగ్గి ఇసుక బయటపడితే పుచ్చ, దోస పాదులు పెట్టుకోవచ్చు. ఆ ఇసుక ఎవరికెంత అన్నది తగువు. పంచాలంటే ముందు ఊరు కావాలి, ఊరంటే నడుమ బొడ్డురాయి ఉండాలి. ఈ ముగ్గురూ పెద్దలై తీర్మానించారు: నాటేటప్పుడు రాయి మీద మనిషి చెయ్యి పడిన ఇంటికే వంతు, మొదట చెయ్యేసినవాడే పంచాలి. చెయ్యేసేది మగవాళ్లే.

"నా ఇంట్లో మగోడు ల్యాడే!" అంది గిడ్డమ్మ.

"అదే కదక్కా చిక్కు," అన్నాడు మద్దిలేటి, ఆ చిక్కు వాన చినుకులా పైనుంచి పడినట్టు.

ఎండాకాలం ఏరు ఎండితే అందరూ నడిచే దాటుతారు, పుట్టి ఎక్కేవాడుండడు. ఆ నాలుగు నెలలూ పాదులు లేకపోతే గిడ్డమ్మకు పస్తులే.

బేతంచర్ల నుంచి సన్నటి నిలువు రాయి బండి మీద గట్టుకొచ్చింది. ఒక్కడు దాటిస్తే వాడే మొదటివాణ్ణంటాడని, ముగ్గురూ దాన్ని వాటేసుకుని ఒకే పుట్టెక్కారు.

"మొయ్యదప్పా. ఒకరు దిగండి."

"వాన్ని దిగమను," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"నోవహు ఓడలో ఏనుగులెక్కలేదా? నడుపమ్మా," అన్నాడు జ్ఞానరాజు.

"ఏనుగులకు బుద్ధుండాది నాయనా, దిగమంటే దిగుతాయి."

నడి పాయలో పుట్టి అంచుకు నీళ్లు అందాయి. రాయి తోసేయమంటే ముగ్గురూ ఇంకా గట్టిగా కరుచుకున్నారు. గిడ్డమ్మ తెడ్డు పక్కన పడేసి ఒక అంచున కూలబడింది. పుట్టి ఒరిగింది. అంతే, పెద్దమనుషులు రాయిని వదిలి అంచులు పట్టుకున్నారు. ఆమె రెండు చేతులూ రాయికి ఆనించి ఒక్క తోపు తోసింది. ఆ చప్పుడుకు కర్నూలు గుడారాల్లో గుమాస్తాలు ఫిరంగి పేలిందని బల్లల కింద దూరారు. రాయి మాత్రం నిటారుగా ఇసుకలో దిగబడి, తల నీళ్లపైకి పెట్టి నిలబడింది.

"నాటింది నేను. మీ చేతులు యాడుండె?" అంది గిడ్డమ్మ.

"ఆడదాని చెయ్యి చెల్లదు!" అని అరిచాడు మద్దిలేటి.

"ఐతే దిగి పెరుక్కో. నేనింటికి పోతాండా."

నీళ్లు అక్కడ నడుము లోతే. ఆ సంగతి గిడ్డమ్మకు తెలుసు, వాళ్లకు తెలియదు. ముగ్గురూ నీళ్లకేసి చూశారు.

"చెల్లుతుంది, ఆమేన్," అన్నాడు జ్ఞానరాజు మొదట. మిగతా ఇద్దరూ తలలూపారు.

నెల తర్వాత ఏరు తగ్గింది. గిడ్డమ్మ తెడ్డు కొనతో ఇసుకలో గీతలు గీసి, ఎవరి చెయ్యి పడిందని చూడకుండా, తన ఇంటితో కలిపి పన్నెండు వంతులు పంచింది. పెద్దమనుషులు అడుగులతో కొలుచుకుని, పక్కవాడిదే పెద్దదని గొణుక్కున్నారు. సాయంత్రానికి మద్దిలేటి ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో గింజలున్నాయి.

"అక్కా, గుంత ఎంత లోతు తీయాల?"

"చెమ్మ తగిలేదాకా. పైపైన గీకితే యాడ మొలుస్తాది?" అని తిడుతూనే, అతని వంతులోకి నడిచి మొదటి గుంత తనే తీసింది.