పెద్దల బీరువాలో పుస్తకం

ఆ సాయంత్రం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో చిన్న గ్రంథాలయం నేనే చూసుకుంటాను. ఉన్నవి రెండు బీరువాలు, ఒకటి పిల్లలది, ఒకటి పెద్దలది. ఎవరో దాతలు పుస్తకాల పెట్టెలు పంపితే, నేను ఊళ్ళో లేనప్పుడు మా ఊరిపెద్ద కూర్చుని వాటిని బీరువాలకు పంచేశాడు. అట్ట మీద పిల్లాడి బొమ్మ ఉంటే పిల్లలది. లోపల ప్రేమో చావో ఉందని ఎవరైనా చెబితే పెద్దలది. దానికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. చదివి చూశాడా అంటే, అంత తీరిక ఆయనకెక్కడిది!

పదహారేళ్ల పిల్ల ఒకతి రోజూ వచ్చేది. చేపల వేటకు పోయిన వాళ్ళ నాన్న శవమై ఒడ్డుకు చేరాడు. తల్లి మంచం పట్టింది. అప్పటినుంచి ఆ పిల్లే పొద్దున్నే రేవులో వేలంపాట పాడి, చేపలు కొని, గూడూరు తీసుకెళ్లి అమ్ముకొస్తోంది.

"అక్కా, నాన్న పోయిన పిల్ల కథ ఏదన్నా ఉందా?" అని అడిగింది ఒకరోజు. గొంతు మామూలుగానే ఉంది.

అలాంటివి రెండున్నాయి. పిల్లల బీరువాలోని దాని మీద గాలిపటం పట్టుకున్న పిల్లాడున్నాడు. కథ చెప్పేది మాత్రం అరవై ఏళ్ల మనిషి. తండ్రి పోయిన ఇంటిని అంత దూరం నుంచి నెమ్మదిగా తలుచుకుంటాడు. అది ఈ పిల్ల వాళ్ళమ్మ చదవాల్సింది. రెండో దాంట్లో పిల్ల ఆ దుఃఖం మధ్యలో నిలబడే మాట్లాడుతుంది. ఆకలేసినందుకు సిగ్గుపడుతుంది. ఓదార్చడానికి వచ్చినవాళ్ల మీద విరుచుకుపడుతుంది. రేపేమిటో తనకీ తెలియదు. ఈ పిల్లకు కావాల్సింది అదే. అదేమో తాళం వెనక ఉంది. బొమ్మలు చూసి పుస్తకాలు పంచే తెలివి ఈయనకెవరిచ్చారో!

వెళ్లి ఊరిపెద్దను తాళంచెవి అడిగి తెచ్చి, ఆ పుస్తకం తీసి ఇచ్చాను. అనుమానమొచ్చి ఆయన నా వెనకే వచ్చాడు. అందులో ఏముందో ఎవరినో అడిగి తెలుసుకుని, పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు.

"ఏమ్మా, పసిబిడ్డకి చావుల కథ ఇస్తావా? బుద్ధుండి చేసే పనేనా ఇది? కుందేలు కథేదన్నా ఇయ్యి."

ఆ పొద్దున వేలంలో ఈ పసిబిడ్డ పాట పెంచితే తట్టుకోలేక తప్పుకున్నది ఈయనే. నోటికొచ్చినట్టు తిట్టేదాన్నే. అంతలో ఆ పిల్ల లేచింది.

"పెదనాయనా, మా నాయనకి కొడుకుల్లేరని నా చేతనే కొరివి పెట్టించినారు. నీళ్ల కుండ నా భుజాన ఎత్తింది మీరే గదా. ఆ పొద్దు నేను పసిబిడ్డని గాదా?"

ఆయన పుస్తకం బల్ల మీద పెట్టాడు. పిల్ల అక్కడే కూర్చుని మొదటి పేజీ తిప్పింది.

కాసేపటికి ఆయన తాళంచెవి కోసం నా ముందు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.