పశువుల దారిలో సైకిలు

సోంబరు ఒకచోట కూర్చోలేడు. అంబలి కూడా గుమ్మంలో నిలబడే తాగుతాడు. గిన్నె చేతిలో ఉంటుంది, కళ్లు బయట ఉంటాయి. ఎదుటి కొండ ఎన్నిసార్లు చూసినా అతనికి చూసినట్టు ఉండదు. దాని వెనక ఏముందో తెలుసు. ఆ వెనకదాని వెనక ఏముందో తెలియదు. అది అతన్ని కూర్చోనివ్వదు.

ఊరు పనసపుట్టు. హుకుంపేటకు పైన, కొండ భుజం మీద పద్దెనిమిది గడపలు. సంతకు దిగడానికి రెండు గంటలు, తిరిగి ఎక్కడానికి మూడు. 1993లో సోంబరు సంత నుంచి ఒక పాత సైకిలు తెచ్చాడు. తెచ్చాడంటే భుజం మీద మోసుకొచ్చాడు. ఊరు ఊరంతా అరుగుల మీదకు వచ్చి చూసింది.

“సైకిలు నిన్ను మొయ్యాల గానీ, నువ్వు సైకిల్ని మోత్తావేట్రా?” అన్నారు.

కొన్నాళ్లు కళ్లంలో గుండ్రంగా తొక్కాడు. తర్వాత చోళ్ల చేల గట్ల మీద తొక్కాడు. తర్వాత తొక్కడానికి చోటు లేక సైకిలు పంచకు ఆనించాడు. కోళ్లు దాని మీద ఎక్కి పడుకునేవి.

1995 చింతపండు కాలంలో అతని భార్య కనక చెట్టు మీద నుంచి పడింది. మూడు నెలలు కట్టు. కట్టు విప్పాక కుడి మోకాలు వంగడం మానేసింది. కర్ర పట్టుకుని ఇంటి చుట్టూ తిరగగలదు. ఊరి పక్క వాగు, నీళ్లగెడ్డ దాకా వెళ్లగలదు. కొండ దిగలేదు.

కనక అంటే సంతలో అందరికీ తెలుసు. పసుపు, అల్లం, పిప్పళ్లు, కొండ చీపుళ్లు, వేటి కాలంలో వాటిని తట్టలో దింపుకుని చింతచెట్టు నీడలో మొదటి వరసలో కూర్చునేది. ఆమె గొంతు సంత చివరిదాకా వినపడేది. ఇప్పుడు తట్ట సోంబరు మోసుకెళ్తున్నాడు. సాయంత్రం అతను రాగానే ఆమె అడిగేది.

“రత్నాలొచ్చిందా?”

రత్నాలు ఆమె స్నేహితురాలు. ఇద్దరిదీ సంతలో పక్కపక్క చోటు.

“ఒచ్చింది.”

“ఏటన్నాది?”

“ఏటీ అన్నేదు.”

“రత్నాలు ఏటీ అన్నేదంటే అది రత్నాలు కాదు. మరెవుల్నో సూసొచ్చినావు.”

“సరుకు అమ్ముడైపోనాది కదే.”

“సరుకు ఎల్తంది. నానెల్లటం నేదు.”

నలుగురు మగవాళ్లు డోలీ కట్టి మోసుకెళ్తామన్నారు. కనక ఒప్పుకోలేదు. “డోలీలో దిగితే సంతంతా నా సుట్టూ సేరి ఏడుస్తారు. నాను అల్లం అమ్మాలా, శవంలాగ తొంగోవాలా?” అంది.

ఒక వారం ఆమె ఏమీ అడగలేదు. ఆ పై వారం కూడా అడగలేదు. తట్ట తీసుకుని లోపల పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. సోంబరుకు భయం వేసింది. మర్నాడు సైకిలు మీది కోళ్లను తోలేశాడు.

సైకిలు వెనక ఆమెను కూర్చోబెట్టుకుని సంత దాకా దిగే దారి కావాలి. అలాంటి దారి లేదని ఊళ్లో అందరికీ తెలుసు. మనిషి దారి కొండను నిలువునా ఎక్కుతుంది, నిలువునా దిగుతుంది. మనిషికి తొందర. రాళ్లు, వేళ్లు, వాన కోసిన మెట్లు. ఆ దారుల మీద చక్రం పది గజాలు పోదు. సోంబరు ఆ శీతాకాలం అన్నీ దిగి చూశాడు. అన్నిట్లోనూ సైకిలు మోసుకునే తిరిగి ఎక్కాడు.

తర్వాతి ఏడాది ఒక ఆవు తప్పిపోయింది. చూలుది. దాని గిట్టల జాడ పట్టుకుని వెళ్లాడు. అది నిలువునా ఎక్కడా దిగలేదు. కొండ నడుం చుట్టూ వాలుగా పోయింది, రాయి వస్తే పక్కకు తప్పుకుంది, గెడ్డ నెమ్మదిగా పారేచోట దాటింది. కడుపులో బరువు ఉన్న ఆవు తూలిపోయే చోట కాలు పెట్టదు. సోంబరు ఆవును మరిచిపోయి దారి చూస్తూ నిలబడ్డాడు. చక్రం వెడల్పుకు రెండింతలు ఉంది.

అప్పటినుంచి అతను చూలు ఆవుల వెనక తిరిగాడు. మిగతా పశువులను పట్టించుకోలేదు. ఎవరి మందలో ఏ ఆవు చూలు కట్టిందో కనుక్కుని, పొద్దున్నే దాని వెనక పోయేవాడు. పోడు చేలు పట్టలేదు, ఇల్లు పట్టలేదు. ఆడవాళ్లు నీళ్ల దగ్గర నవ్వారు.

“ఒసే కనకా, నీ మొగుడు ఆవుకి కాపలానా, ఆవుకి మొగుడా?”

“ఏదైతేనేటి, ఒక సోట కుదురుగా ఉన్నాడు,” అంది కనక.

కుదురు లేదు. ఒక దారి సగం దాకా పోయి చీలేది. ఒక చీలిక చౌడుమట్టి నాకే చోటికి, ఒకటి నీళ్లకు, ఒకటి ఊరికే నీడకు. పశువు ఎటు పోయినా సాయంత్రానికి ఇంటికి వస్తుంది. సోంబరుకు కావలసింది సంతకు పోయేది. అది జామిగుడ వాళ్ల మేత భూమిలోంచి పోతోందని 1998 మాఘమాసంలో తేలింది. జామిగుడ పక్క ఊరు. ఆ మేత భూమిలో పన్నెండు చీలికలున్నాయి. ఏది చూసిందో, ఏది చూడందో అతనికి కలిసిపోతోంది. చూసి వదిలేసిన ప్రతి చీలిక మీదా ఒక పచ్చికొమ్మ విరిచి అడ్డంగా పడేశాడు.

కొండ మీద అడ్డంగా పడిన పచ్చికొమ్మ అంటే ఇటు రావద్దని. ముందు నడిచినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు చెప్పే మాట అది. ఊరికి జబ్బు వచ్చినా, బయటివాళ్లు చూడకూడని పూజ జరుగుతున్నా, ఆ ఊరివాళ్లు దారి మొదట్లో అదే కొమ్మ వేస్తారు. వేసినవాళ్లే తియ్యాలి. ఇంకొకరు దాటకూడదు. ఇది సోంబరుకు తెలియనిది కాదు. ఆ రోజుల్లో అతనికి తన దారి తప్ప ఏదీ గుర్తు లేదు.

జామిగుడవాళ్లు పదకొండు కొమ్మలు చూశారు. పనసపుట్టుకు అమ్మవారు పోసిందనుకున్నారు. పొరుగూరు కష్టంలో ఉంటే మర్యాద పాటించాలి. తమవైపు కూడా దారికి కొమ్మలు వేశారు. పనసపుట్టువాళ్లు వాటిని చూసి, జామిగుడకు ఏదో వచ్చిందనుకున్నారు. ఇరవై రోజులు ఎవరూ అటూ ఇటూ దాటలేదు. పెళ్లి మాటకు బయలుదేరినవాళ్లు సగం దారిలో కొమ్మ చూసి, పెళ్లికూతురివాళ్ల కోసం తెచ్చిన జీలుగుకల్లు అక్కడే తాగి వెనక్కి పోయారు.

సంతలో రెండు ఊళ్లవాళ్లు ఎదురుపడ్డారు. దూరంగా నిలబడి అరుచుకున్నారు.

“మీ ఊర్ల ఎంతమంది పోనారు?”

“మా ఊర్లనా? పోనోల్లు మీ ఊర్ల కదా!”

ఆ సంతైన ఐదో రోజు జామిగుడ పెద్ద సుక్రు కర్ర పట్టుకుని పనసపుట్టు వచ్చాడు. ఎముకలు, నరాలు, గొంతు, అంతే మనిషి. అందరినీ కూర్చోబెట్టాడు.

“ఎవుడేసినాడు?”

“నానే,” అన్నాడు సోంబరు. అతనొక్కడే నిలబడి ఉన్నాడు. “నాకోసమే ఏసుకున్నాను. ఈ దారి కాదని నాకు గురుతుండాలని.”

“నీతో నువ్వు మాటాడుకోవాలంటే ఇంట్లో మాటాడుకోరా. కొండమీద మాటాడితే అందరం ఇంటాం.”

తప్పుకు ఒక మేక, రెండు కుండల కల్లు అన్నారు. రెండు ఊళ్లూ కలిసి తిన్నాయి, తాగాయి. పదకొండు కొమ్మలూ సోంబరు ఒక్కొక్కటే తీశాడు. అందరూ లేచాక సుక్రు తమ మేత భూమి మొదట్లో ఆగి, ఒక మద్దికొమ్మ విరిచి ఆ దారికి తనే అడ్డం వేశాడు. “ఇక్కడ సైకిలు దొర్లదు. పశువులు బెదుర్తాయి,” అని వెళ్లిపోయాడు.

సోంబరు ఇంటికి వచ్చి మొదటిసారి నేలమీద కూర్చున్నాడు. కనక అది చూసింది.

“ఏ కొమ్మేసినాడు?”

“మద్ది.”

“రేపు నన్ను ఆడికి తీస్కెల్లు.”

ఊరు నుంచి ఆ కొమ్మ దాకా దారి బల్లపరుపు. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నడిపించుకుంటూ వెళ్లాడు. కనక కొమ్మకు ఇవతల నేలమీద కాలు చాపుకుని కూర్చుంది. కాసేపటికి సుక్రు పశువులను తోలుకుంటూ వచ్చాడు.

“ఏటే కోడలా, ఈడ కూకున్నావు?”

“సంతకెల్తన్నాను మామా.”

“సంత రేపు కదే.”

“నా కాలుకి ఇయ్యాలే బయల్దేరాల.”

సుక్రు సోంబరు వైపు చూశాడు. సోంబరు దూరంగా సైకిలు పట్టుకుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుతున్నాడు.

“ఆడి సైకిలు గంటకి నా ఆవులు బెదుర్తాయి.”

“గంట పీకేత్తాం.”

“సక్రం సప్పుడు?”

“ఈ కొండమీద నీ గొంతు కంటే సప్పుడేటుంది మామా? దానికే అలవాటైపోనాయి.”

సుక్రు నవ్వలేదు. చాపి ఉన్న ఆమె కాలు వైపు చూశాడు.

“సంతకెల్లి ఎన్నాల్లయింది?”

“మూడు సింతపళ్ల కాలాలు.”

పశువులు సుక్రును దాటి కొమ్మ పక్కనుంచి గడ్డిలోకి పోయాయి. తర్వాత అతను కర్ర కొనతో కొమ్మను పైకెత్తి లోయలోకి విసిరాడు. “పశువులు కొండెక్కకముందే దిగిపోవాల. బేగి లెగాల,” అన్నాడు.

మొదటి సంతకు ఇద్దరూ కలిసి బయలుదేరారు. తెల్లవారగానే సోంబరు ముందు, కనక వెనక, ఆమె ఒడిలో తట్ట. మేత భూమి దాటారు. గెడ్డ దాటారు. కిందికి వాలే మలుపు దగ్గర ఇద్దరి బరువుకూ బ్రేకు పట్టలేదు. సైకిలు, తట్ట, ఇద్దరూ లంటానా పొదలో ఉన్నారు. అల్లం కొండంతా దొర్లింది.

సోంబరు లేచి ఆమెను లేపబోయాడు. కనక చెయ్యి విదిలించింది.

“నువ్వు లేకపోతే ఆగును.”

“ఏటి?”

“సైకిలు. ఒక్కలి బరువైతే ఆగును. ఇదంతా దిగుడే. తొక్కక్కర్లేదు కదా.”

“నీకు సైకిలు రాదు.”

“నీకు మాత్రం పుట్టినప్పుడే ఒచ్చినాదేటి?”

హుకుంపేటలో సైకిళ్ల కొట్టు వరహాలరావుది. కింద మైదానం నుంచి వచ్చి స్థిరపడినవాడు. సోంబరు తన సైకిలు అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టాడు. కొట్టు మూలలో ఆడవాళ్ల సైకిలు ఒకటి ఉంది. ఒక టీచరమ్మ బదిలీ మీద పోతూ వదిలేసింది.

“సావుకారూ, ఇది తీస్కోని అదియ్యి.”

“ఆడోళ్ల సైకిలు నీకెందుకురా?”

“మా ఆడమనిషికి.”

“కొండమీదా? ఆ కాలుతోనా? ఏటిరా సోంబరూ, ఆవిడతో పడట్లేదా?”

సైకిలు మార్చి ఇచ్చాడు. ఇచ్చే ముందు, నవ్వడం మానేసి, రెండు బ్రేకులకూ కొత్త రబ్బర్లు వేశాడు. ఇంటికి తెచ్చాక సోంబరు దాని ముందు చక్రానికి పక్కగా ఒక వెదురు బద్ద కట్టాడు, వంగని కాలు దాని మీద చాపుకోడానికి. కళ్లంలో ఇరవై రోజులు ఆమె పడుతూనే ఉంది. పడినప్పుడల్లా అతన్నే తిట్టింది. ఇరవై ఒకటో రోజు తిట్టలేదు.

సంత రోజు గెడ్డ దాకా నడిపించుకొచ్చాడు. అక్కడ ఆమె సీటెక్కింది. అతను చెయ్యి తీశాడు. అతనికి ఆ దారిలో ప్రతి రాయీ తెలుసు. ఏ రాయి ఎప్పుడు వస్తుందో ముందే చెబుదామని వెంట పరుగెత్తాడు. రెండో మలుపుకే ఆమె అందలేదు.

“బ్రేకు! బ్రేకు పట్టు!”

“నోర్ముయ్యి! ఆవులు బెదుర్తాయి!” అని కిందనుంచి వచ్చింది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. సోంబరు అంత దూరం ఆగకుండా ఎప్పుడూ పరుగెత్తలేదు. ప్రతి మలుపు దగ్గరా పొదల్లోకి చూశాడు. తారురోడ్డు దాకా ఎక్కడా లేదు. సంతకు చేరేసరికి చింతచెట్టు నీడలో మొదటి వరసలో కనక కూర్చుని ఉంది. మోచేయి చీరుకుపోయింది. పక్కన రత్నాలు ఆమె భుజం మీద కొట్టి ఏదో చెబుతోంది, కనక అంతకంటే గట్టిగా చెబుతోంది. ఇద్దరూ వినడం లేదు. సోంబరు ఎదురుగా నిలబడ్డాడు.

“బేరాలకి అడ్డొత్తన్నావు, పక్కకెల్లు,” అంది కనక.

అతను పక్కకు వెళ్లాడు. సంత చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. సాయంత్రం ఆమెను సీటు మీద కూర్చోబెట్టి కొండ మీదకు తోశాడు. నాలుగు గంటలు పట్టింది. దారి పొడవునా ఎవరు ఏమన్నారో ఆమె చెబుతూనే ఉంది.

వానాకాలం తప్ప, అప్పటినుంచి ప్రతి సంతకూ దిగింది. సోంబరు మళ్లీ చూలు ఆవుల వెనక పడ్డాడు. ఈసారి ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కొయ్యూరు వైపు ఒకటి, ఒరిస్సా వైపు ఒకటి, ఊరికే తిరిగి తన ఇంటికే వచ్చేది ఒకటి, మూడు దారులు కనిపెట్టాడు.

2006లో విశాఖపట్నం నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. లావు టైర్లు, గేర్ల సైకిళ్లు, తలకు హెల్మెట్లు. అందరూ తొక్కే దారులు వద్దని, ఎవరికీ తెలియనివి కావాలని వరహాలరావును అడిగితే అతను సోంబరును చూపించాడు.

“ఎవరికీ తెలియని దారులున్నాయటండీ ఇక్కడ?”

“తెలియకపోడమేటి బాబూ, ఆవులకి తెలుసు.”

మర్నాడు పొద్దున్నే వాళ్లు గేర్లు మార్చుకుంటూ ఎక్కుతున్నారు. ముందు సోంబరు నడుస్తున్నాడు, వాళ్లు అందుకోలేకపోతున్నారు. ఒక మలుపు దగ్గర అతను ఆగి చెవి పెట్టాడు. వెనక్కి తిరిగి మొదటివాణ్ణి చొక్కా పట్టుకుని సైకిలుతో సహా గడ్డిలోకి లాగాడు. మిగతావాళ్లనూ తొయ్యబోయాడు. వాళ్లే తప్పుకున్నారు.

పైనుంచి కనక వచ్చింది. నడుంకు బిగించిన చీర, వెనక రెండు బస్తాలు, వెదురు బద్ద మీద ముందుకు చాపిన కాలు. ఒకడు కెమెరా తీసి చెయ్యి ఊపాడు.

“అమ్మా, ఒక్క నిమిషం! ఫోటో!”

ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ సీటెక్కించడానికి ఒక మనిషి కావాలి. దుమ్ము వాళ్ల కాళ్ల దాకా వచ్చింది. మలుపు అవతల నుంచి గొంతు మాత్రం వచ్చింది.

“సంతకి రండి బాబూ! ఆడ కూకుంటాను, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి!”